హరిత రసాయన శాస్త్రం: పరీక్షలో జవాబు రాయడం ఎలా?

‘హరిత రసాయన శాస్త్రం సుస్థిర అభివృద్ధికి ఎలా తోడ్పడుతుంది?’ ఈ ప్రశ్న కనబడగానే చాలామంది విద్యార్థులు 1998లో అనస్తాస్, వార్నర్‌లు ప్రతిపాదించిన 12 సూత్రాలనూ వరుసగా అప్పజెప్పేస్తారు. దానికంటే రెండు సూత్రాలను ఒక నిజమైన చర్యకు అన్వయించి చూపడం మేలు. మీకు విషయం అర్థమైందని అప్పుడే తెలుస్తుంది.

భోపాల్‌నే తీసుకోండి. 1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ వెలువడింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఈ విషపదార్థం అక్కడ అమ్మే సరుకు కాదు. కార్బరిల్ అనే పురుగుమందు తయారీలో మధ్యలో ఏర్పడే పదార్థం మాత్రమే.

కార్బరిల్‌కు కావలసినవి మూడు: మిథైల్ ఎమీన్ (అణుభారం 31), ఫాస్‌జీన్ (99), 1-నాఫ్థాల్ (144). భోపాల్ పద్ధతిలో మొదటి రెండింటినీ కలిపి మిథైల్ ఐసోసయనేట్ తయారుచేసి, దానిని నాఫ్థాల్‌తో చర్య జరిపేవారు. మరో పద్ధతిలో ముందుగా నాఫ్థాల్‌ను ఫాస్‌జీన్‌తో కలుపుతారు. అలా వచ్చిన క్లోరోఫార్మేట్‌కు మిథైల్ ఎమీన్‌ను చేరుస్తారు. ఇందులో మిథైల్ ఐసోసయనేట్ ఏర్పడదు!

ఇప్పుడు పరమాణు పొదుపు, అంటే ‘ఆటమ్ ఎకానమీ’ లెక్కవేయండి. క్రియాజనకాల మొత్తం భారం 274. కార్బరిల్ అణుభారం 201. అంటే సుమారు 73 శాతం. మిగిలినది రెండు అణువుల హైడ్రోజన్ క్లోరైడ్. రెండు పద్ధతుల్లోనూ ఇదే లెక్క!

మరి తేడా ఎక్కడుంది? రెండో సూత్రమైన పరమాణు పొదుపు ప్రకారం రెండూ సమానమే. ప్రమాదాల నివారణను చెప్పే పన్నెండో సూత్రం ప్రకారం రెండో పద్ధతి మెరుగు. లేని పదార్థం ట్యాంకులో నిల్వ ఉండదు, నిల్వ లేనిది బయటికి రాదు. పదార్థాలను కలిపే వరుస మార్చడమే ఇందుకు చాలింది.

అయితే రెండో పద్ధతిని పూర్తిగా ‘హరితం’ అనకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రయోగించిన ఫాస్‌జీన్ విషవాయువు రెండింటిలోనూ ఉంది. ఆ లోపాన్నీ జవాబులో రాయండి.

చివరగా సుస్థిరతకు ముడిపెట్టండి. భావితరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిర అభివృద్ధి అని 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ నిర్వచించింది. పంటను కాపాడే మందు ఊరి ప్రాణాలు తీయకూడదన్నది ఆ నిర్వచనంలో ఇమిడి ఉన్న మాటే.