సీటొచ్చింది... కుర్చీ మాత్రం వేరు

1949 వేసవి. ఓక్లహామా యూనివర్సిటీ లా స్కూలు. క్లాసులో అందరికీ వెనక, మధ్యలో ఓ వరస ఖాళీగా వదిలి, ఒక పెద్ద చెక్క కుర్చీ వేశారు. దగ్గర్లో ‘కలర్డ్’ అని బోర్డు. పాతికేళ్ల ఏడా లోయిస్ సిప్యుయెల్ ఫిషర్ కూర్చోవాల్సింది అక్కడే.

ఆ కుర్చీ దాకా రావడానికే ఆమెకు మూడేళ్లు పట్టింది. 1946లో దరఖాస్తు పెడితే నల్లజాతి అమ్మాయని కాదన్నారు. 1948 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిస్తే, రాష్ట్ర ప్రభుత్వం క్యాపిటల్ భవనంలోని గదుల్లో హడావిడిగా వేరే లా స్కూలు తెరిచింది. అందులో చేరేది లేదని ఆమె పట్టుబట్టారు. చివరికి యూనివర్సిటీలో చేర్చుకున్నా, క్యాంటీన్లో ఆమె భోజనం చేసే చోటు చుట్టూ గొలుసు కట్టి గార్డును పెట్టారు. గార్డు అటు వెళ్లగానే కొందరు తెల్లజాతి సహాధ్యాయులు గొలుసు కింద నుంచి దూరి వచ్చి ఆమెతో కలిసి తినేవారు. న్యాయశాస్త్రం చెప్పే చోట ఇంత అన్యాయం!

ఆమె లాయరు థర్గుడ్ మార్షలే టెక్సస్‌లో లా స్కూలు సీటు కోసం హీమన్ స్వెట్ వేసిన కేసునూ వాదించారు. హ్యూస్టన్‌లో పోస్ట్‌మ్యాన్ అయిన స్వెట్ 1950 జూన్ 5న గెలిచారు. చేరిన కొత్తలోనే లా స్కూలు ఆవరణలో ఎవరో శిలువ తగలబెట్టారు. ఆయన కారు టైర్లు కోసేశారు. ఆరోగ్యం పాడై, కాపురం కూలి, పట్టా అందుకోకుండానే ఆయన వెళ్లిపోయారు.

తర్వాతి తరాలకు ఎదురైంది వేరే రకం బాధ. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ లా స్కూల్లో నల్లజాతి విద్యార్థులు 2014లో ‘33’ పేరిట వీడియో తీశారు. సుమారు 1,100 మందిలో వాళ్లు 33 మందే. ఈ ఒంటరితనం చిన్న విషయం కాదు. అమెరికా లా క్లాసులో ప్రొఫెసర్ ఎవరినైనా ఎంచుకుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. పోలీసు సోదాల కేసు వచ్చిందంటే చూపులన్నీ క్లాసులో ఉన్న ఒక్క నల్లజాతి విద్యార్థి మీదే. తన చదువు తాను చదువుకుందామని వచ్చిన పిల్ల తన జాతి మొత్తం తరఫున జవాబు చెప్పుకోవాలి.

హార్వర్డ్‌లో 2015 నవంబరులో జరిగింది మరీ దారుణం. ఆ లా స్కూలు ముద్రలోని మూడు గోధుమ పనలు, బానిసలను ఉంచుకున్న రాయల్ అనే కుటుంబపు చిహ్నం నుంచి వచ్చినవి. దానికి నిరసనగా విద్యార్థులు ముద్ర మీద నల్ల టేపు అతికించారు. తెల్లారేసరికి ఎవరో ఆ టేపునే తీసి నల్లజాతి ప్రొఫెసర్ల ఫొటోల్లో ముఖాల మీద అంటించారు. ఎవరి పనో పోలీసులు తేల్చలేకపోయారు. విద్యార్థులు మాత్రం ఆ ఫొటోల చుట్టూ తమ గురువుల గొప్పతనాన్ని చీటీల మీద రాసి అతికించారు. 2016 మార్చిలో ఆ ముద్రను పక్కన పెట్టారు.

2023 జూన్‌లో అడ్మిషన్లలో జాతిని పరిగణించడాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పుకు ముందే తీసుకున్న దరఖాస్తులతో 2023లో హార్వర్డ్ లా మొదటి సంవత్సరంలో 43 మంది నల్లజాతి విద్యార్థులు చేరారు. 2024లో చేరింది 19 మంది. 1960ల తర్వాత అంత తక్కువ మంది చేరడం అదే మొదలు.