మిరప తెగులు – జన్యు సవరణ

పల్నాటి రైతు కలిమిలేములను నిర్ణయించు పంటలలో మిరప ముఖ్యమైనది. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతములలో ఎన్నో కుటుంబముల పిల్లల చదువులు, పెండ్లిండ్లు ఆ యేటి మిరప కల్లము మీదనే ఆధారపడియున్నవి. అట్టి పంటకు ప్రబల శత్రువు జెమిని వైరస్. ఇది సోకిన మొక్క ఆకులు పైకి ముడుచుకొని, పసుపు వర్ణము దాల్చి, చిన్నవగును. మొక్క గిడసబారి, పూత కాత లేక నిలిచిపోవును.

ఈ వైరస్‌ను మొక్క నుండి మొక్కకు చేరవేయునది తెల్లదోమ. పురుగుమందు దోమను చంపగలదు గాని, మొక్కలో ప్రవేశించిన వైరస్‌ను చంపజాలదు. ఏలయనగా వైరస్ మొక్క కణములోని యంత్రాంగమునే వాడుకొని తన సంతతిని పెంచుకొనును. కావున తెగులు సోకిన పిమ్మట అప్పు తెచ్చి ఎన్ని మందులు చల్లినను ఆ మొక్క కోలుకొనదు. రక్షణ విత్తనములోనే ఉండవలెను.

అట్టి విత్తనమునకు దారి చూపుచున్నది జన్యు సవరణ. బాక్టీరియాలు తమపై దాడిచేయు వైరస్‌లను ఖండించుటకు వాడుకొను ఆయుధమును ఆధారము చేసికొని షార్పెంటియే, డౌడ్నా అను శాస్త్రవేత్తలు 2012లో 'క్రిస్పర్' పద్ధతిని వెలువరించి, 2020లో నోబెల్ బహుమతి పొందిరి. ఇందులో ఒక మార్గదర్శక ఆర్.ఎన్.ఏ. జన్యువులో చోటు చూపగా, ఒక ప్రోటీను కత్తెర వలె అచ్చట ఖండించును. కణము దానిని అతుకుకొనునప్పుడు ఒకటి రెండు అక్షరములు మారి, ఆ జన్యువు పనితీరు మారును. బి.టి. పత్తిలో వలె పరాయి జన్యువు మిగులనవసరము లేదు.

2021లో దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు టమాటాలో 'పెలో' అను జన్యువును ఇట్లు సవరించి, జెమిని జాతి వైరస్‌ను తట్టుకొను మొక్కలను సాధించిరి. ఆ సంవత్సరమే జపాను శాస్త్రజ్ఞులు ఒక మిరప రకమునకు గల సహజ నిరోధక శక్తికి ఇదే జన్యువులోని మార్పు కారణమని కనుగొనిరి. టమాటా, మిరప ఒకే కుటుంబపు మొక్కలు. కనుక ఈ ఫలితము మన రైతునకు ఆశాజనకము.

అయితే అవరోధములును కలవు. ప్రయోగశాలలో మిరప కణము నుండి పూర్తి మొక్కను పెంచుట మిక్కిలి కష్టము. వైరస్ కూడ మారగలదు. కర్రపెండలములో క్రిస్పర్‌తో వైరస్‌నే నేరుగా ఖండింపజూడగా, అది కత్తెరకు చిక్కని రూపములు దాల్చినదని 2019లో వెల్లడియైనది.

మన దేశము 2022లో పరాయి జన్యువు లేని సవరణలకు నిబంధనలు సడలించినది. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి వరిని సవరించి హైదరాబాదు సంస్థ సిద్ధపరచిన 'కమల' రకమును 2025లో ప్రకటించిరి. అది అధిక దిగుబడికై చేసినది. మిరప తెగులుకు అట్టి కృషి జరుగవలసియున్నది.

అంతవరకు నారుమడికి నైలాను వల, చేను చుట్టు జొన్న లేక మొక్కజొన్న వరుసలు, తెగులు మొక్కలను పెరికి నాశనము చేయుట — ఇవియే శరణ్యము. మిరప చేల నడుమ పెరిగి జీవశాస్త్రము చదువు విద్యార్థులు ఈ పరిశోధనకు పూనుకొన్నచో, తమ్ము చదివించిన నేల ఋణము కొంత తీర్చినవారగుదురు.