నూనెలోని నలుసు

తెలంగాణమునను రాయలసీమయందును గట్టిరాతిని తొలిచి బోరుబావులు వేయు రిగ్గులను మనలో అనేకులు చూచియే యుందురు. వాని పొడవైన మాస్టును పైకెత్తునది, జాకీలపై బండిని నిలుపునది ఒత్తిడితో పనిచేయు హైడ్రాలిక్ నూనె. సిలిండరునుండి ఆ నూనె వెలికి రాకుండ కాపాడునది మెత్తని సీలు.

రాతిధూళి పిస్టన్ రాడ్డునకు అంటుకొని లోనికి పోవును. మనిషి వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. కంటికి కానరాని 10 మైక్రానుల నలుసైనను హాని చేయగలదు. అది సీలులో గ్రుచ్చుకొని ఉప్పుకాగితమువలె రాడ్డును గీయును. గీతలు పడిన రాడ్డు తిరిగి సీలును కోయును. ఆ సందులగుండ నూనె కారును, మరింత ధూళి చొరబడును.

కావున నూనె కారినప్పుడు సీలు ఒక్కటి మార్చిన చాలదు. రాడ్డును పరీక్షించి, ఫిల్టరు మార్చి, నూనెను శుద్ధి చేయవలెను. క్రొత్త పీపాలోని నూనెనైనను ఫిల్టరుగుండనే పోయవలెను. లేనిచో క్రొత్త సీలుకును పాతదాని గతియే పట్టును; నడుమ నిలిచిన బోరుకడ రైతు నీటికై ఎదురుచూడవలసి వచ్చును.