చావింట్లో నవ్వులా..? ‘బలగం’ నవ్వించి ఏడిపించింది ఇందుకే.. కర్నూలు, కడప పల్లెల్లోనూ ఇదే కథ!

పెద్దాయన పోయాడు. వాకిట్లో టెంటు వేశారు. ఒకవైపు ఏడుపులు, ఇంకోవైపు టీ గ్లాసులు. పెద్ద కొడుకు రావాలని ఒకరు, ఎండ ముదరకముందే ఎత్తాలని ఇంకొకరు. పాడె కట్టేది ఎవరు, తలకొరివి పెట్టేది ఎవరు, ఖర్చు పెట్టేది ఎవరు.. ఈ మూడు ప్రశ్నలకు సమాధానం దొరికేలోపు పాత గొడవలన్నీ బయటికొచ్చేస్తాయి. ఊళ్లో ఎవరికైనా ఇది తెలిసిన సీనే. ఇదే సీను తెర మీద కనిపిస్తే మాత్రం నవ్వు ఆగదు. చావింటి చుట్టూ అల్లిన కామెడీ సినిమాలకు ప్రపంచమంతా ఆదరణ ఉండటానికి కారణం ఇదే. ఇంతకీ ఈ నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? కత్తులు, సుమోలు తప్ప వేరేది కనిపించని సీమ సినిమాకు ఇలాంటి కథ ఎందుకు అవసరం? ఓ లుక్కేద్దాం.

తెలుగులో దారి వేసిన ‘బలగం’

తెలుగులో ఈ తరహా కథ అనగానే మొదట గుర్తొచ్చేది ‘బలగం’. 2023 మార్చి 3న విడుదలైంది. అప్పటిదాకా కమెడియన్‌గానే తెలిసిన వేణు యెల్దండికి దర్శకుడిగా ఇదే తొలి సినిమా. తెలంగాణ పల్లెలో కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. మనవడు సాయిలుకు (ప్రియదర్శి) తాత పోయిన బాధ కంటే తన టెన్షన్ ఎక్కువ. చేసిన అప్పులు నెత్తి మీద ఉన్నాయి. కుదిరిన పెళ్లితో వచ్చే కట్నమే దిక్కు. సరిగ్గా అప్పుడే తాత కన్నుమూస్తాడు. నవ్వు మొదలయ్యేది అక్కడే.

కొడుకులు, అల్లుడు ఒకే చోట చేరతారు. ఏళ్ల తరబడి వాళ్ల మధ్య మాటల్లేవు. కారణం ఏంటంటే.. ఎప్పుడో విందులో వచ్చిన నల్లిబొక్క గొడవ! వినడానికి నవ్వొస్తుంది. ఆ ఒక్క బొక్క కోసం ఆడబిడ్డ పుట్టింటి గడప తొక్కలేదని తెలిసినప్పుడు మాత్రం గొంతు పట్టేస్తుంది. పిండం పెడితే కాకి ముట్టదు. ముసలాయనకు తీరని కోరిక ఏదో ఉందని ఊరంతా గుసగుసలు. చివర్లో బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన కథతో ఇంటిల్లిపాదీ కరిగిపోతారు.

ఆ తర్వాత జరిగింది తెలిసిందే. చాలా పల్లెల్లో పెద్ద స్క్రీన్ కట్టి, ఊరంతా కూర్చుని సినిమా చూశారు. సినిమా చూశాక విడిపోయిన అన్నదమ్ములు కలిసిపోయారని వార్తలొచ్చాయి. 2023 సంవత్సరానికి తెలంగాణ ప్రభుత్వ గద్దర్ అవార్డుల్లో ఉత్తమ చిత్రంగా నిలిచింది. ఇందులోని ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్ 71వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ గీత రచయితగా ఎంపికయ్యారు.

నవ్వు ఎందుకొస్తుందంటే..

చావింటి కామెడీకి ఓ లెక్క ఉంది. ఏ దేశంలో తీసినా దాదాపు ఇవే సూత్రాలు.

మొదటిది, టైమ్. పెళ్లి వాయిదా వేయొచ్చు, శవాన్ని ఎక్కువసేపు ఉంచలేం. ఫ్రీజర్ బాక్స్ వచ్చాక గంటలు కాస్తా రోజులయ్యాయి అంతే. ఏ గొడవైనా ఆలోపే తేలాలి.

రెండోది, తప్పించుకునే దారి లేకపోవడం. మాటల్లేని అన్నదమ్ములు పండక్కి రాకపోయినా అడిగేవాళ్లు ఉండరు. తండ్రి చావుకు రాకపోతే ఊరు ఊరుకోదు. అలా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లంతా ఒకే అరుగు మీద కూర్చోవాల్సి వస్తుంది.

మూడోది, తంతు. ఎవరు ముందు నడవాలి, కుండకు ఎన్ని చిల్లులు పెట్టాలి, ఎటు నుంచి తిరగాలి.. ప్రతిదానికీ ఓ పద్ధతి ఉంటుంది. అది పూర్తిగా తెలిసినవాళ్లు మాత్రం ఒకరిద్దరే. మిగతావాళ్లంతా సలహాదారులే. పద్ధతి ఎంత గట్టిగా ఉంటే, తప్పు దొర్లినప్పుడు నవ్వు అంత గట్టిగా వస్తుంది.

నాలుగోది, నవ్వకూడదన్న నియమం. బతికున్నప్పుడు పలకరించని మనిషే శవం మీద పడి అందరికంటే గట్టిగా ఏడుస్తుంటే పక్కనున్నవాళ్లు పంటి కింద పెదవి బిగబట్టాల్సిందే. ‘చచ్చినవాడి కళ్లు చారెడు’ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఎన్ని దేశాలు.. ఎన్ని చావిళ్లు!

2007లో ఫ్రాంక్ ఓజ్ తీసిన బ్రిటిష్ సినిమా ‘డెత్ ఎట్ ఎ ఫ్యునరల్’ ఈ సూత్రాలన్నింటినీ వాడుకుంది. తండ్రి శవపేటిక ఇంటికొస్తుంది. తెరిచి చూస్తే లోపల వేరే మనిషి! అక్కణ్నుంచి మొదలైన గందరగోళం చివరిదాకా ఆగదు. మాత్ర అనుకుని మత్తు పదార్థం మింగిన అల్లుడి వరస ఒకటి, తండ్రి రహస్యం బయటపెడతానని డబ్బు అడిగే అపరిచితుడు ఇంకొకటి. 2010లో అమెరికాలో క్రిస్ రాక్ హీరోగా రీమేక్ చేశారు. అపరిచితుడి పాత్రలో రెండింటిలోనూ పీటర్ డింక్లేజే నటించాడు. మధ్యలో 2009లో హిందీలో ‘డాడీ కూల్’ వచ్చింది. దానికి దర్శకుడు మన తెలుగువాడే, కె. మురళీమోహనరావు.

జపాన్‌లో జూజో ఇటామీ 1984లోనే ‘ది ఫ్యునరల్’ తీశాడు. మామగారి అంత్యక్రియల్లో తనకు ఎదురైన అనుభవమే దానికి ఆధారం. అందులో సిటీ దంపతులకు తంతు తెలియదు. వీడియో క్యాసెట్ పెట్టుకుని ఎలా మాట్లాడాలో, ఎలా వంగి దండం పెట్టాలో నేర్చుకుంటారు.

పక్కనే ఉన్న కర్ణాటక సంగతి మరీ ఆసక్తికరం. రామ్ రెడ్డి తీసిన ‘తిథి’ మండ్య జిల్లాలోని పల్లెలో, సినిమాతో సంబంధం లేని ఊరి జనంతో తీసింది. నూటొక్కేళ్ల ‘సెంచరీ గౌడ’ పోతాడు. కొడుక్కు దేనిమీదా ఆశ లేదు, ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. మనవడి కన్ను మాత్రం భూమి మీద. పదకొండో రోజు లోపు జరిగే కథ అది. 2015లో లొకార్నో చిత్రోత్సవంలో రెండు బహుమతులు గెలిచింది. మలయాళంలో లిజో జోస్ పెల్లిసేరి ‘ఈ.మ.యౌ’ (2018) కూడా ఇదే దారి. తండ్రికి ఘనంగా అంత్యక్రియలు చేస్తానని మాటిచ్చిన కొడుకు, ఆ మాట నిలబెట్టుకోలేక పడే పాట్లే కథ.

సీమ తెర మీద చావంటే పగే!

ఇక రాయలసీమకు వద్దాం. తెర మీద కర్నూలు, కడప అంటే ఏం గుర్తొస్తాయి? ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002).. వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల్లో చావు అంటే పగకు మొదటి మెట్టు. శవం ముందు ఏడవడం కాదు, శపథం చేయడమే సీను. కర్నూలు కొండారెడ్డి బురుజు పేరు చెబితే ఇప్పటికీ చాలామందికి ‘ఒక్కడు’ (2003) ఫైటే గుర్తొస్తుంది.

ఈ మూసను పక్కకు జరిపిన సినిమాలు లేకపోలేదు. 2010లో రాజమౌళి తీసిన ‘మర్యాద రామన్న’లో సునీల్ సీమలోని సొంతూళ్లో ఉన్న పొలం అమ్ముకుందామని వస్తాడు. చంపాలని చూస్తున్న వాళ్లింట్లోనే అతిథిగా దిగుతాడు. గడప లోపల రక్తం చిందకూడదన్న ఇంటి నియమమే కామెడీకి ఆయువుపట్టు. 1923 నాటి బస్టర్ కీటన్ సినిమా ‘అవర్ హాస్పిటాలిటీ’ దీనికి స్ఫూర్తి. 2018లో వచ్చిన త్రివిక్రమ్ ‘అరవింద సమేత’ తండ్రి హత్య తర్వాత పగను ఆపడం ఎలా అన్న ప్రశ్న వేసింది. అందులో రెండు ఊళ్ల వైరానికి మూలం పేకాట దగ్గర మొదలైన చిల్లర తగాదా.

ఇక్కడే ఓ విషయం గమనించాలి. అక్కడ పేకాట, ‘బలగం’లో నల్లిబొక్క. రెండూ చిన్నవే. ఒకచోట తలలు తెగాయి, ఇంకోచోట మాటలు తెగాయి. గొడవ సైజు ఒకటే. కత్తి చేతికొస్తే ఫ్యాక్షన్ సినిమా, కాకి ముందు కూర్చోబెడితే చావింటి కామెడీ. సీమ పల్లెల్లో అత్యధిక కుటుంబాలకు తెలిసింది రెండో రకమే.

వర్ధంతినే పండగ చేసుకున్న నేల

చావు దగ్గర నవ్వేంటి, అపచారం కాదా అనేవాళ్లూ ఉంటారు. కానీ ఈ ప్రాంతంలో అతిపెద్ద ఉత్సవాలు కొన్ని చూడండి. కర్నూలు జిల్లా మంత్రాలయంలో రాఘవేంద్ర స్వామి 1671లో బృందావన ప్రవేశం చేశారు. ఏటా శ్రావణంలో ఆరాధనోత్సవాలు జరిగేది ఆ సందర్భంగానే. కడప జిల్లా బ్రహ్మంగారిమఠంలో వైశాఖంలో జరిగే ఆరాధన కూడా వీరబ్రహ్మేంద్ర స్వామి జీవసమాధి అయిన రోజునే. కడప పెద్ద దర్గా ఉరుసు సంగతీ అంతే. ఉరుసు అంటేనే మహనీయుడి వర్ధంతి. అంటే ఈ నేలకు ఒక మనిషి వెళ్లిపోయిన రోజును పదిమంది కలిసే రోజుగా మార్చుకోవడం కొత్త కాదు.

కళల్లోనూ అంతే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం ఆ ఊరి పేరునే తన పేరుగా మార్చుకుంది. ఊరూరా ఆడే హరిశ్చంద్ర నాటకంలో జనం తెల్లవార్లూ మేలుకుని ఎదురుచూసేది కాటి సీను కోసమే. అదే నాటకంలో నక్షత్రకుడు రాజును వేధిస్తుంటే నవ్వేదీ ఆ జనమే. తోలుబొమ్మలాటలో ఎంత విషాద ఘట్టమైనా మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి సరసాలాడతారు. ఇక పితృదేవతల పేరుతో కాకులకు పిండం పెట్టడాన్ని వేమన ఎంత వెక్కిరించాడో తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ వేమనను సేకరించి 1829లో అచ్చువేసిన సి.పి. బ్రౌన్ తెలుగుతో ప్రేమలో పడింది కూడా కడపలోనే.

అసలు కథ ఎదురుచూపుల్లో ఉంది

సీమలో చావింటి కథకు బలం ఇచ్చేది ఇంకోటి ఉంది. అదే వలస. కర్నూలు పడమటి పల్లెల నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు ‘సుగ్గి’కి వెళ్తాయి. ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు, చిన్నపిల్లలే. ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు పల్లెల్లో కువైట్‌లో మనిషి లేని వీధి దొరకడం కష్టం.

ఇలాంటి ఊళ్లో పెద్దాయన పోతే మొదట మోగేది తప్పెట కాదు, ఫోన్. “యాడున్నావు అబ్బీ? ఎప్పటికొస్తావు?” అన్నదే మొదటి ప్రశ్న. సేటు సెలవు ఇవ్వడు. టికెట్ దొరకదు. చివరికి కొడుకు వీడియో కాల్‌లోనే నాన్న మొహం చూస్తాడు. ఫోన్ పట్టుకున్న మేనల్లుడు సరిగ్గా ఆ టైమ్‌లోనే కెమెరా తిప్పేస్తాడు. చూసేవాళ్లకు అది కామెడీ. అటువైపు ఎడారిలో గది మూల కూర్చున్న కొడుకుకు అది జీవితాంతం మిగిలే బాధ.

అప్పుడు వస్తుంది లెక్కల సంగతి. బోరు ఎవరి వాటాలో ఉంది? బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చిన అప్పు ఎవరు కట్టాలి? దినాలకు ఎంతమందికి అన్నం పెట్టాలి? నాలుగేళ్లు వరసగా వాన మొహం చాటేసిన ఊళ్లో కూడా ‘పెద్ద దినం’ ఘనంగా చేయకపోతే పరువు పోతుందన్న భయం పోదు. బతికున్నప్పుడు మందుబిళ్లలకు వెనకాడిన ఇంట్లోనే, పోయాక వందల విస్తళ్లు లేస్తాయి. నవ్వూ ఏడుపూ కలిసి పుట్టేది ఇక్కడే.

దింపుడు కళ్లం దగ్గర..

పాడెను దారి మధ్యలో దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే ఆచారం మనకుంది. దాన్నే దింపుడు కళ్లం అంటారు. ప్రాణం ఏమన్నా మిగిలి ఉంటే పలుకుతారేమోనన్న చివరి ఆశ అది. మంచి చావింటి కామెడీ చేసే పనీ ఇదే. మనుషులను కాదు, ఇంట్లో చచ్చిపోయిందనుకున్న బంధాన్ని పిలిచి చూస్తుంది.

‘బలగం’ చూశాక పలకరించుకున్న అన్నదమ్ములు చేసింది అదే. తెలంగాణ పల్లెలో నల్లిబొక్క దగ్గర తెగిన మాట, కర్నూలు పల్లెలో బోరు మోటారు దగ్గరో, కడప పల్లెలో గట్టు మీది చెట్టు దగ్గరో తెగి ఉండొచ్చు. సుమోలు, బాంబులు లేకుండా సీమ నుంచి అలాంటి కథ తెర మీదకొస్తే జనం నవ్వుతారు. నవ్వుకుంటూనే ఇంటికెళ్లి, ఎన్నేళ్లుగానో చేయని ఒక నంబరుకు ఫోన్ చేసినా చేస్తారు. ఇంకో చావు దాకా ఆగకుండా!