రోగి పక్కన ఉన్నప్పుడు అక్కరలేని ఈమెయిళ్లను ఆపడం ఎలా?

ఖాజాగూడ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లోని కంపెనీల్లో పనిచేసే పిల్లలు చాలామంది అమ్మానాన్నల మంచం పక్కన కూర్చుని కూడా ఫోను చూస్తూనే ఉంటారు. వారిని తప్పు పట్టలేము. ఆఫీసు మెయిళ్లతోపాటు ల్యాబ్ రిపోర్టులు, ఇన్సూరెన్సు వారి ప్రశ్నలు కూడా ఈ రోజుల్లో అదే ఫోనుకు వస్తున్నాయి.

ఒకసారి మా వార్డులో ఆపరేషను అయిన ఒక పెద్దాయన ఇంటికి వెళ్లవలసిన రోజు. పాత పరీక్ష కాగితం ఒకటి కావాలని ఇన్సూరెన్సు వారు ముందురోజు సాయంత్రమే మెయిల్ పంపారు. ఆ సమయంలోనే కొడుకు ఆఫీసులో ఎవరో ఉద్యోగం మానుతూ అందరికీ మెయిల్ పెట్టారు. దానికి వచ్చిన శుభాకాంక్షల కింద ఇన్సూరెన్సు మెయిల్ అడుగున పడిపోయింది. "కాగితం నా బ్యాగులోనే ఉంది సిస్టర్" అని ఆ అబ్బాయి ఎంతో బాధపడ్డాడు. పెద్దాయన ఇంకొక రాత్రి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది.

ఫోను మొత్తం సైలెంటులో పెడితే డాక్టరుగారి పిలుపు కూడా వినబడదు. కాబట్టి అక్కరలేని మెయిళ్లను మాత్రమే పక్కన పెట్టడం నేర్చుకోండి.

1. ఒక్క చర్చను ఆపాలంటే

ఒక మెయిలుకు జవాబు, ఆ జవాబుకు మరో జవాబు, ఇలా పెరిగేదాన్ని థ్రెడ్ అంటారు. జీమెయిల్‌లో దానిని తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, 'మ్యూట్' ఎంచుకోండి. తరువాతి జవాబులు ఇన్‌బాక్స్‌లోకి రావు. అవి పోవు, 'ఆల్ మెయిల్'లో ఉంటాయి, వెతికితే దొరుకుతాయి. అవుట్‌లుక్‌లో ఇదే పనికి 'ఇగ్నోర్' ఉంది. అయితే జాగ్రత్త! ఇది ఆ మెయిళ్లను, తరువాత వచ్చేవాటిని కూడా 'డిలీటెడ్ ఐటమ్స్'లోకి పంపుతుంది. మళ్లీ అవసరం లేనివాటికే వాడండి.

2. రోజూ వచ్చేవాటిని ఆపాలంటే

దీనికి ఫిల్టర్ పెట్టుకోవాలి. జీమెయిల్ ఫిల్టర్‌ను కంప్యూటరులోనే పెట్టాలి. ఫోను యాప్‌లో కుదరదు. వెతికే పెట్టె చివరనున్న గుర్తును నొక్కి, పంపేవారి చిరునామా గాని, సబ్జెక్టులోని మాట గాని రాయండి. ముందు 'సెర్చ్' నొక్కి ఏయే మెయిళ్లు వస్తున్నాయో చూడండి. సరిగ్గా ఉంటే 'క్రియేట్ ఫిల్టర్' నొక్కి, 'స్కిప్ ది ఇన్‌బాక్స్' దగ్గర టిక్కు పెట్టండి.

3. తప్పక చూడవలసినవాటికి

ఆసుపత్రి, ల్యాబ్, ఇన్సూరెన్సు చిరునామాలకు వేరే ఫిల్టర్ పెట్టండి. అందులో 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్', 'ఆల్వేస్ మార్క్ ఇట్ యాజ్ ఇంపార్టెంట్' ఎంచుకోండి. అన్నిటికంటే ముందు చేయవలసింది ఇదే.

చేయకూడనివి

* మరీ మామూలు మాటతో ఫిల్టర్ పెట్టకండి. నేను ఒకసారి 'డ్యూటీ' అనే మాటకు పెట్టి, నా నైటు డ్యూటీ మారిన సంగతే తెలుసుకోలేకపోయాను. 'రిపోర్ట్' అనే మాటకు పెడితే మీ వారి ల్యాబ్ రిపోర్టు కూడా కనబడకుండా పోతుంది.
* తోటి ఉద్యోగుల మెయిళ్లను స్పామ్‌లో వేయకండి. జీమెయిల్ స్పామ్‌లో ఉన్నవి 30 రోజుల తరువాత చెరిగిపోతాయి.
* "నన్ను ఈ మెయిళ్లలో నుంచి తీసేయండి" అని అందరికీ జవాబివ్వకండి. 2016 నవంబరులో ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఒక పరీక్ష మెయిల్ పొరపాటున 8 లక్షలకు పైగా ఖాతాలకు వెళ్లింది. చాలామంది ఇలాగే అందరికీ జవాబిచ్చారు. దాంతో మెయిల్ వ్యవస్థే నెమ్మదించింది; అవసరమైన మెయిళ్లు కూడా ఆలస్యమయ్యాయి.

ఇవన్నీ రోగిని చేర్పించిన రోజే చేసుకుంటే మంచిది. పది నిమిషాల పని. మీకు తెలియకపోతే పిల్లలను అడగండి, చేసిపెడతారు. పక్కన పెట్టిన మెయిళ్లను రోజుకు ఒక్కసారి, రోగి నిద్రపోతున్నప్పుడు చూసుకోండి. డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లాక, అవసరం తీరిన ఫిల్టర్లను తీసేయడం మరచిపోకండి.