సందూక్‌లో దొరికిన పాత జేబు చాకు.. దాని మీది అక్షరాలు ఏం చెబుతాయి?

బక్రీద్ దగ్గర పడిందంటే నిజామాబాద్, బోధన్ గల్లీల్లో సాన పట్టేవాళ్లకు చేతినిండా పని. ఇంట్లో ఉన్న కత్తులన్నీ బయటికి వస్తాయి. వాటితో పాటు ఒక్కోసారి సందూక్ అడుగున పడి ఉన్న దాదా కాలం నాటి మడత చాకు కూడా వస్తుంది. సాన రాయి మీద రెండు నిమిషాలు ఆనిస్తే అంచు తళతళ మెరుస్తుంది. అజాగ్రత్తగా పడితే బ్లేడు మొదట్లో ఉన్న చిన్న అక్షరాలు కూడా అరిగిపోతాయి. ఆ చాకు ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పుట్టింది అని చెప్పే సాక్ష్యం ఆ అక్షరాలే. ఒకసారి పోతే మళ్లీ రావు.

పాత జేబు చాకులు, అందులోనూ పేటెంట్ ముద్ర ఉన్నవి, సేకరించేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. పేటెంట్ అంటే కొత్త పనితనం కనిపెట్టినవారికి ప్రభుత్వం కొంతకాలం ఇచ్చే హక్కు. చూడ్డానికి చాకు చిన్న వస్తువే. కానీ తెరిచిన బ్లేడు వేళ్ల మీద మూసుకోకుండా పట్టి ఉంచడం ఎలా, ఒక్క చేత్తో తెరవడం ఎలా, ఒకే పిడిలో నాలుగైదు పనిముట్లు ఇమడ్చడం ఎలా అని ఎంతోమంది బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఒక్కో ఉపాయానికి ఒక్కో పేటెంట్ తీసుకున్నారు.

ముందు చూడాల్సింది ఎక్కడ?

చాకు తెరిచి, బ్లేడు పిడిలో కలిసే చోట చూడండి. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసుకోండి. అక్కడ కంపెనీ పేరు, ఊరు, గుర్తు, ఒక్కోసారి నంబరు ఉంటాయి.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ చాకులు ఆ రోజుల్లో మన దేశంలో బాగా అమ్ముడయ్యాయి. జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ గుర్తు ఒక నక్షత్రం, పక్కన మాల్టా శిలువ.  కిరీటం అటూ ఇటూ వి, ఆర్ అక్షరాలుంటే అది విక్టోరియా రాణి పేరు. అంటే ఆ చాకు 1837కు ముందుది కాదు.

ఊరి పేరు పక్కన దేశం పేరు కూడా ఉందా? విదేశీ సరుకు మీద తప్పుదోవ పట్టించే బ్రిటిష్ గుర్తులు వేయకుండా బ్రిటన్ 1887లో చట్టం చేసింది. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న అమెరికా నిబంధన 1891లో అమల్లోకి వచ్చింది. అందుకే 'ఇంగ్లండ్' అని రాసి ఉన్న చాకు ఎక్కువగా 1891 తర్వాతిదే అయి ఉంటుంది. 'స్టెయిన్‌లెస్' అని ఉంటే ఇంకా తేలిక. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కు తయారుచేసింది 1913లో. కాబట్టి అలాంటి చాకు అంతకు ముందుది కానే కాదు.

నంబరు ఉంటే సగం పని అయినట్టే

'ఆర్‌డి నంబర్' అని ఉంటే అది పేటెంట్ కాదు, ఆకారానికి చేయించిన రిజిస్ట్రేషన్. బ్రిటన్‌లో ఈ వరుస 1884లో మొదలైంది. అంతకు ముందు, 1842 నుంచి 1883 వరకు, డైమండ్ ఆకారపు ముద్ర వేసేవాళ్లు. డి.ఆర్.జి.ఎం. అని ఉంటే జర్మనీ సరుకు, 1891 తర్వాతిది. జర్మనీలో చాకులకు పేరున్న ఊరు జోలింగెన్.

బ్రిటిష్ పేటెంట్ నంబర్ల దగ్గర జాగ్రత్త అవసరం. 1915 వరకు ప్రతి సంవత్సరం నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేవి. సంవత్సరం తెలియకుండా ఒట్టి నంబరుతో వెతికితే వేరే వస్తువు దొరుకుతుంది. 1916 నుంచి 1,00,001తో మొదలై వరుసగా సాగాయి. అమెరికా వరుస 1836లో మొదలై 1911లో పది లక్షలు దాటింది. గూగుల్ పేటెంట్స్, యూరప్ వాళ్ల ఎస్పాసెనెట్ వెబ్‌సైట్లలో ఈ పాత కాగితాలు, బొమ్మలతో సహా, ఉచితంగా చూడొచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ముద్ర మీది తేదీ పేటెంట్ ఇచ్చిన తేదీ. చాకు ఆ తర్వాత ఎన్నేళ్లకైనా తయారై ఉండొచ్చు.

ఈ కథలో మన జిల్లా

ఉర్దూలో ఫౌలాద్, తెలుగులో ఉక్కు. ఇంగ్లీషువాళ్లు మన ఉక్కును 'వూట్జ్' అన్నారు. ఆ మాట కన్నడ 'ఉక్కు' నుంచే వచ్చిందని పండితులు చెబుతారు. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుపడ్డ ఊరు. మట్టి మూసల్లో ఇనుము పెట్టి కొలిమిలో కరిగించి ముద్దలు తీసేవాళ్లు. ఇంగ్లీషు డాక్టరు, భూగర్భ పరిశీలకుడు వాయ్సీ ఈ పనిని చూసి రాసిన వివరాలు, ఆయన పోయిన తర్వాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఆ ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వ్యాపారులు ఇక్కడిదాకా వచ్చేవాళ్లు.

లండన్‌కు కూడా మన దేశపు ఉక్కు చేరింది. 1795లో జార్జ్ పియర్సన్ అనే శాస్త్రవేత్త దాని మీద రాయల్ సొసైటీకి వ్యాసం ఇచ్చాడు. ఆ పరీక్షల కోసం జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు దానితో ఒక చిన్న చాకు చేసి, మేలైన ఉక్కుకు తీసిపోదని తేల్చాడు. తర్వాత ఇదే స్టోడార్ట్ మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేశాడు.

మద్రాసు ప్రాంతంలో కంపెనీ ఉద్యోగిగా ఉండి, పోర్టోనోవోలో ఇనుము కార్ఖానా పెట్టిన జోసయా హీత్ 1839లో ఇంగ్లండ్‌లో ఒక పేటెంట్ తీసుకున్నాడు. ఉక్కు కరిగించేటప్పుడు మాంగనీస్ కలపడం అందులోని కిటుకు. దాంతో షెఫీల్డ్‌లో చాకుల ఉక్కు చౌకైంది. కానీ పద్ధతిని కొంచెం మార్చి మిగతావాళ్లు వాడుకున్నారు. హీత్ కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చనిపోయాడు. 1855లో తుది తీర్పు కూడా ఆయన పక్షానికి వ్యతిరేకంగానే వచ్చింది.

పేటెంట్ చేతిలో ఉన్న హీత్ గతే అలా అయింది. కోనసముద్రం కమ్మరుల పేర్లు ఏ ముద్ర మీదా లేవు. అయినా ఆయనకు కాగితం మిగిలింది కాబట్టి ఇవాళ ఆయన కథ చెప్పుకుంటున్నాం. రాసి పెట్టుకోవడం ఎందుకు అవసరమో ఇక్కడే తెలుస్తుంది.

ఏం చేయాలి, ఏం చేయకూడదు

పాత చాకును చింతపండు, నిమ్మకాయ, సుద్దతో తోమొద్దు. బ్లేడు మీది నల్లటి పొర దాని వయసు, దానివల్ల నష్టం లేదు. ఎర్రటి తుప్పు ఉంటే కుట్టుమిషన్ నూనె చుక్క వేసి మెత్తటి గుడ్డతో తుడవండి. ఎముక, కొమ్ము పిడులను నీళ్లలో నానబెట్టొద్దు, పగిలిపోతాయి. కబాడీవాడికి తూకానికి వేసే ముందు కనీసం నాలుగు ఫొటోలు తీసుకోండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న పదునైన ఆయుధాలు ఆయుధ నియమాల కిందికి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. జేబు చాకు ఆ కొలతకు రాదు. అయినా పిల్లలు సరదాకు జేబులో పెట్టుకుని బస్టాండు, రైల్వేస్టేషన్ల దగ్గర తిరగడం మంచిది కాదు. పోలీసులు ఆపితే అది దాదా గుర్తు అని నమ్మించడం కష్టం. గల్ఫ్ వెళ్లేవాళ్లు విమానంలో చేతి సంచిలో అసలే పెట్టుకోకూడదు. 100 ఏళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. అలాంటిదాన్ని దేశం దాటించాలన్నా, విదేశీయులకు ఆన్‌లైన్‌లో అమ్మాలన్నా ముందు పురావస్తు శాఖను అడగండి.

చివరగా, కంపెనీ సంగతి ఇంటర్నెట్ చెబుతుంది. కానీ ఆ చాకు ఎవరి జేబులో ఉండేది, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ పనికి వెళ్లినప్పుడు తీసుకెళ్లేవారా, చెరుకు ముక్కలు కోసి పిల్లలకు పెట్టేవారా అన్నది నానీ, దాదీలే చెప్పాలి. వాళ్లు ఉండగానే అడిగి, పేరు, ఊరు, సంవత్సరం ఒక కాగితం మీద రాసి, చాకుతో పాటే చుట్టి పెట్టండి. ఉర్దూలో రాసినా తెలుగులో రాసినా సరే.