నేపథ్యం నుంచి వస్తువుకు: దక్కను శిలలు, ప్రకృతిచిత్రణలో దృష్టి పరిణామం

చిత్రకళలో కొండ, అడవి చాలాకాలం కథకు నేపథ్యాలుగానే ఉన్నాయి. గోల్కొండ, హైదరాబాదు సూక్ష్మచిత్రాలలో లేత ఊదా, గులాబీ వన్నెల గుట్టలు కనిపిస్తాయి. అయితే అవి రాజు వేటకో, విరహిణి ఏకాంతానికో ఏర్పరచిన రంగస్థలాలు. మనిషిని తొలగిస్తే ఆ చిత్రానికి వస్తువే ఉండదు.

చైనా చిత్రకారులు కొండను, నీటిని ఎంతో ముందుగానే ప్రధాన వస్తువులుగా స్వీకరించారు. ఐరోపాలో భయం గొలిపే పర్వతం ఉదాత్తమైనదిగా కనిపించడం 18వ శతాబ్దంలో బలపడింది. తెలుగునాట ఈ మలుపు 20వ శతాబ్దానిది. బొంబాయిలో శిక్షణ పొందిన దామెర్ల రామారావు (1897–1925) గోదావరి దృశ్యాలను చిత్రించారు. శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద చదివిన కొండపల్లి శేషగిరిరావు (1924–2012) దక్కను బండలనే చిత్రవస్తువులుగా గ్రహించారు.

ఆ బండలు సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు. పగుళ్ల వెంట నీరు చొరబడి, అంచులు అరిగి, ఒకదానిపై ఒకటి పేర్చినట్లు మిగిలాయి. లింగంపల్లి నుంచి గచ్చిబౌలి వైపు విస్తరించిన హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇవి నేటికీ ఉన్నాయి. నగరంలో శిలల రక్షణకు 1996లో ఒక సంఘం ఏర్పడింది. తొమ్మిది శిలాస్థలాలు వారసత్వ జాబితాకెక్కాయి. ప్రాంగణంలోని ‘పుట్టగొడుగు శిల’, మాదాపూరు ‘ఎలుగుబంటి ముక్కు’ వాటిలోనివి.

ఈ పేర్లు గమనింపదగినవి. ఒక రూపాన్ని తలపించిన శిలకే పేరు, పేరున్న శిలకే రక్షణ దక్కాయి. ఇది చిత్రకారుని చూపే: చట్రంలో ఇమిడే దృశ్యాన్ని ఎన్నుకొని తక్కినదాన్ని వదిలివేస్తుంది. శిలల నడుమనున్న ముళ్లపొద, గడ్డి, నీటిగుంట ఆ చట్రంలోకి రావు. తెలంగాణలో పశువులు మేసే అటువంటి నేలను ‘కంచ’ అంటారు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలో యంత్రాలతో చెట్లను తొలగించసాగినప్పుడు, అది అడవా కాదా అన్నదే వివాదాంశమైంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలిపివేసింది.

శిలను నేపథ్యం నుంచి వస్తువుగా మార్చడం ఆధునిక చిత్రకళ సాధించిన విజయం. కాని శిల వస్తువైనచోట కంచ నేపథ్యంగా మిగిలిపోయింది. అందంగా కనిపించని ప్రకృతిని కూడా చూడగలగడం ఇప్పుడు చిత్రకారుని ముందున్న పని. దాన్ని విలువకట్టగలగడం సమాజం ముందున్న పని.